సత్తార్ సార్ చెయ్యి

వేడిగాలి తగలగానే, అతుకు బాగా పట్టడానికి పూసే ఫ్లక్స్ ముందు నూనెలా పలచబడుతుంది. తర్వాత దాని మీద నుంచి సన్నటి పొగ లేస్తుంది. చెట్టు బంకను నిప్పుల మీద వేసినట్టు ఉంటుంది ఆ వాసన. మొన్న మధ్యాహ్నం హనుమకొండ సుబేదారిలోని మా దుకాణంలో, నాతోపాటు పనిచేసే సంధ్య ఒక ఫోన్ బోర్డు మీద నుంచి చార్జింగ్ కనెక్టర్ తీస్తోంది. వేడిగాలి యంత్రం గొట్టాన్ని ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేతిలోని పట్టకారుతో కనెక్టర్ అంచును లాగబోయింది. "గుంజకు బిడ్డా" అన్నాను. సంధ్య తిరిగి నావైపు చూసింది. నేను ఎవరినీ బిడ్డా అని పిలవను. ఆ మాట నాది కాదు, సత్తార్ సార్‌ది. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ వాసనకు, ఆ మాటకు మధ్య నా లోపల ఏదో తీగ ఇంకా తెగకుండా ఉందని ఆ రోజు తెలిసింది.

1985లో నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తి చేశాను. మాది వరంగల్ కొత్తవాడ. నాయిన జంపఖానాలు నేసేవాడు. కూతురు చదివిన చదువు ఏమిటో ఆయనకు సరిగ్గా తెలియదు గానీ, రేడియోలు బాగుచేసే చదువు అని అందరికీ చెప్పుకునేవాడు. పని కోసం నేను తిరిగిన మూడు దుకాణాల్లోనూ ఒకటే మాట: "ఆడపిల్లవు, నీకెందుకమ్మా ఈ పని? బడిల పంతులమ్మగ చేరరాదు?" నాలుగోది సత్తార్ సార్ దుకాణం. హనుమకొండ చౌరస్తా వెనక సందులో రెండు గదులు. ముందు గదిలో రేడియోలు, టీవీలు, వెనక గదిలో పని బల్ల. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎండాకాలంలో కూడా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకునేవారు. డోర్నకల్‌లో రైల్వే కూలీ కొడుకుగా పుట్టి, ఎవరో పారేసిన రేడియో విప్పి పని నేర్చుకున్న మనిషి. జిల్లాలో ఎవరి యంత్రం ఆగినా 'సత్తార్ చెయ్యి పడితే లేస్తది' అనేవారు.

ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు. చచ్చిపోయిన టీవీ బోర్డు ఒకటి నా ముందు పెట్టారు.

"దీని మీదున్నయన్ని ఊడదియ్యి. ఒక్కటి గూడ పలగొద్దు, బోర్డు ఖరాబ్ కావొద్దు. ఎన్ని రోజులైనా సరే."

పదకొండు రోజులు పట్టింది. రెండో రోజే ఒక కనెక్టర్ దగ్గర తొందరపడ్డాను. దాని లోహపు కాళ్ళను బోర్డుకు అతికించే సోల్డర్ పూర్తిగా కరగకముందే లాగాను. కనెక్టర్‌తోపాటు బోర్డు మీది రాగి గీత కూడా పొరలా లేచి వచ్చింది. సార్ కోప్పడలేదు. భూతద్దం తెచ్చి నా చేతికిచ్చి, లేచిపోయిన చోటు చూడమన్నారు.

"ఇది రాగి గీత అనుకుంటానవ్. కాదు బిడ్డా, తొవ్వ. తొవ్వ తెగితె ఇగ ఆ ఊరికెట్ల పోతవ్? గుంజకు. కాళ్ళన్ని కరిగితె అదే కదులుతది. నీ పని అందాక ఆగుడే."

మూడేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్నానని చెప్పడం సులువు గానీ, ఆ మూడేళ్ళలో నాకు మింగుడుపడని సంగతి ఒకటి ఉండేది. వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఈ పోరి చేస్తదా? వద్దు. సత్తార్ సాబే చెయ్యాలె" అనేవారు. సార్ "సరే" అని తల ఊపి, వస్తువు తీసుకుని వెనక గదిలో నాకే ఇచ్చేవారు. పని అయ్యాక ఆయనే పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టేవారు. వాళ్ళు ఆయన చేతిని పొగిడి వెళ్ళిపోయేవారు. గోడకు ఇవతల నేను వింటూ ఉండేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నేను చేసిన్నని ఎందుకు చెప్తలేరు సార్?"

"చెప్త బిడ్డా. జర ఆగు" అని మాత్రం అన్నారు. అది జవాబు దాటవేయడమని అనుకున్నాను. నిజానికి ఆయన దాటవేస్తున్నది వేరే ఉంది.

మొదట్లో ఆయన నా పక్కనే కూర్చుని తనూ ఒక బోర్డు పట్టుకునేవారు. మెల్లగా అది తగ్గింది. కళ్ళు కనబడడం లేదనేవారు. చాయ్ కప్పును రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టారు. చలికాలం కదా, వెచ్చదనానికి అలా పట్టుకుంటున్నారనుకున్నాను. ఎండాకాలం వచ్చినా కప్పు అలాగే పట్టుకున్నారు. ఒకరోజు అన్నం తిని తొందరగా తిరిగి వచ్చేసరికి వెనక గదిలో టకటకమని చప్పుడు వినిపించింది. సార్ ఒంటరిగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఒక తీగను అతికించడానికి ప్రయత్నిస్తున్నారు. ఐరన్ కొన తీగకు తగలడం లేదు, పక్కనున్న స్టాండును కొడుతోంది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నారు. రెండూ కలిసి వణికాయి.

నన్ను చూసి ఐరన్ కింద పెట్టారు.

"చూసినవా?"

"చూసిన సార్."

"ఏడాదైతాంది. దవాఖానల చూపెట్టిన. ఇది తగ్గేది కాదన్నరు." ఐరన్ ప్లగ్గు తీసేస్తూ, "ఎవ్వరికి చెప్పకు" అన్నారు.

చెప్పనని మాటిచ్చాను. ఇన్నేళ్ళకైనా ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన బాధ చూసి నా గుండె కలుక్కుమన్న మాట నిజమే. కానీ ఆ బాధ కింద ఒక చిన్న సంతోషం కూడా కదిలింది. ఇక నేను లేకపోతే ఈ దుకాణం నడవదు అన్న సంతోషం. ఇంటికి నడిచి వెళ్తున్నంత సేపూ దాన్ని తలుచుకుని సిగ్గుపడ్డాను. సిగ్గుపడినా అది పోలేదు.

మరుసటి సంవత్సరం ఆ అద్దాల పెట్టె వచ్చింది. హనుమకొండలోని ఒక చిన్న నర్సింగ్ హోంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె అది. డాక్టరమ్మ బంధువులెవరో విదేశం నుంచి పంపించారట. ఆ దగ్గర్లో అలాంటిది మరొకటి లేదు. పిల్ల ఒంటికి అంటించే ఒక సన్నటి తీగ ఒంటి వేడిని యంత్రానికి చెబుతుంది, యంత్రం దాన్నిబట్టి పెట్టెలో వేడి పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ తీగను గుచ్చే కనెక్టర్‌కు ఏదో స్ట్రెచర్ తగిలి విరిగిపోయింది. డాక్టరమ్మ లోపలి బోర్డు విప్పించి, దాన్ని పట్టుకుని స్వయంగా వచ్చింది. నడివయసు మనిషి, మాటలో తొందర ఎక్కువ.

"ఇద్దరు పిల్లల్ని హైదరాబాద్ పంపిన సత్తార్ సాబ్. ఒక పిల్ల తొవ్వలనే పోయింది. మీరే ఎట్లనన్న చెయ్యాలె."

బోర్డు చూసి నేను భయపడ్డాను. అంతవరకు మా దగ్గరకు వచ్చిన బోర్డులకు రంధ్రాలుండేవి. కనెక్టర్ కాళ్ళు రంధ్రాల్లోంచి దూరి అవతల సోల్డర్‌తో అతుక్కునేవి. దీనికి రంధ్రాల్లేవు. వెంట్రుకల్లాంటి పన్నెండు కాళ్ళు బోర్డు పైనే, ఒక్కొక్కటీ ఒక్కో చిన్న రాగి బిళ్ళ మీద ఆని ఉన్నాయి. ఐరన్‌తో ఒక కాలు కరిగించి రెండోదానికి వెళ్ళేసరికి మొదటిది గట్టిపడిపోతుంది. పన్నెండూ ఒకేసారి కరగాలి. దానికి వేడిగాలి కావాలి. వేడిగాలి యంత్రం అనేది మేము పుస్తకంలో బొమ్మగా కూడా చూడలేదు.

సార్ దాన్ని నాలుగు రోజుల్లో తయారు చేయించారు. తయారు చేయించారు అంటే, ఆయన చెప్పారు, నేను చేశాను. పాత సోల్డరింగ్ ఐరన్‌లోని తీగచుట్టను ఇత్తడి గొట్టంలో పెట్టాను. గాలి కోసం ఊదితే ఊపిరి ఎగుడుదిగుడుగా వస్తుంది, సైకిల్ పంపుతో కొడితే దెబ్బదెబ్బగా వస్తుంది. సార్ ఒక లారీ ట్యూబు తెప్పించి గాలి నింపించారు. దాని మీద పలక వేసి మనిషి కూర్చుంటే గాలి ఒకే తీరుగా వస్తుంది. ఎక్కువ తక్కువలు చేసుకోవడానికి సెలైన్ పైపుకుండే చిన్న చక్రాన్ని మధ్యలో పెట్టాం. అలాంటి కనెక్టరే ఉన్న పాడైన బోర్డు ఒకటి హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ముందు ఆ కనెక్టర్‌ను, దాని ప్లాస్టిక్ కరగకుండా తీయాలి. అది పాడైతే మరొకటి లేదు.

సార్ పలక మీద కూర్చున్నారు, దాన్ని నేనే తీశాను. చుట్టూ ఉన్న భాగాలకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం కప్పి, తిరగేసిన ఇస్త్రీ పెట్టె మీద బోర్డును కాస్త వెచ్చబెట్టి, గొట్టం కొనను కాళ్ళ మీద గుండ్రంగా తిప్పుతూ ఆగాను. సోల్డర్ ఉన్నట్టుండి తడిగా మెరిసింది. కనెక్టర్ చిన్నగా ఒక్క పిసరు కదిలింది. పట్టకారు ఆనించగానే పువ్వు రాలినట్టు వచ్చేసింది. సార్ "శభాష్" అనలేదు. పలక మీద నుంచి లేచి, నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి నా జుట్టులో వణుకుతూనే ఉంది.

మరునాడు పొద్దున డాక్టరమ్మ వచ్చింది. అసలు బోర్డు మీద పని తన కళ్ళ ముందే జరగాలంది. వెనక గదిలోకి వచ్చి, బల్ల ముందు కూర్చున్న నన్ను చూసి ఆగిపోయింది.

"ఈ అమ్మాయి చేస్తదా? లేదు సత్తార్ సాబ్. మీ చెయ్యి అనే తెచ్చిన. పసిపిల్లల పానాలు. మీరే చెయ్యాలె."

నేను లేవబోయాను. ఎప్పటిలాగే ఆయన సరే అంటారని, ఆమెను ఎలాగో ముందు గదికి తీసుకెళ్తారని అనుకున్నాను. సత్తార్ సార్ చొక్కా మణికట్టు గుండీ విప్పుకున్నారు. మెల్లగా విప్పుకోవలసి వచ్చింది. కుడి చేతిని బల్ల మీద, దీపం వెలుగులో చాపి పెట్టారు. చెయ్యి వణికింది. బల్ల మీది స్క్రూలు కూడా గలగలమన్నాయి.

"ఇదమ్మా నా చెయ్యి. రెండేండ్లైంది పనికి రాక. ఈ రెండేండ్లు మీరు, ఊరు, అందరు సత్తార్ చెయ్యి అని తీసుకపోయింది ఈ పిల్ల చెయ్యే. నేను చెప్పలే. చెప్పకపోవుడు నా తప్పు. ఈ పిల్ల పేరు రాజేశ్వరి. కొత్తవాడ పిల్ల. చేస్తె ఈమెనే చేస్తది. వద్దంటె బోర్డు తీస్కపొండి."

డాక్టరమ్మ ఆ చేతినే చూస్తూ నిలబడింది. డాక్టరు కాబట్టి ఆ వణుకు అర్థం ఆమెకు మాకంటే బాగా తెలిసి ఉంటుంది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "చెయ్యమ్మా" అంది.

సార్ వెళ్ళి లారీ ట్యూబు మీది పలకపై కూర్చున్నారు. జిల్లాలో అంత పేరున్న మనిషి, తెల్ల చొక్కాతో, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, నాకు గాలి అందిస్తూ కూర్చున్నారు. నేను గొట్టం తిప్పుతున్నాను. సోల్డర్ మెరిసింది. పదకొండు కాళ్ళు కరిగాయి. పన్నెండోది ఒక పెద్ద రాగి భాగానికి అతుక్కుని ఉంది, అది వేడిని తాగేస్తోంది. నాకు పక్కన డాక్టరమ్మ ఊపిరి వినిపిస్తోంది. నా గొప్ప ఆమెకు చూపించాలన్న ఆత్రం. కనెక్టర్ కదిలినట్టే అనిపించి ఎత్తాను. వచ్చింది. దానితోపాటు పన్నెండో రాగి బిళ్ళ కూడా లేచి వచ్చింది.

ఎవరూ చూడలేదు. డాక్టరమ్మకు అదేమిటో తెలియదు. సార్ కూర్చున్న చోటికి కనబడదు. సన్న తీగతో ఆ తొవ్వను కలిపి, పైన కొత్త కనెక్టర్ కూర్చోబెడితే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. సార్ అంత మాట అన్నాక, నా పేరు మొదటిసారి పైకి చెప్పాక, నేను మొదటి పనిలోనే చెడగొట్టానని ఎలా చెప్పడం? ఆ కొద్ది క్షణాలు నాకు బాగా గుర్తున్నాయి.

"సార్, ఒక బిల్ల లేసింది. నేను గుంజిన."

ఆయన పలక మీద నుంచి లేవలేదు. "చెప్పినవ్ గద" అన్నారు. "ఇగ బాగు చెయ్యి."

వెంట్రుకంత రాగి తీగతో ఆ తొవ్వ కలిపాను. కొత్త కనెక్టర్‌ను కూర్చోబెట్టి, మళ్ళీ వేడిగాలి పట్టి అతికించాను. అంతా అయ్యాక సార్ డాక్టరమ్మకు భూతద్దం ఇచ్చి, ఆ తీగ ఎక్కడుందో నాచేతే చూపించారు. "ఇది అతుకమ్మా. పని చేస్తది. కని అతుకు అతుకే. ఎప్పుడన్న తెగొచ్చు. తెగితె పెట్టెకు పిల్ల వేడి తెల్వది. అందుకే యంత్రాన్ని నమ్మి వదిలెయ్యకుండ్రి" అన్నారు. గంట గంటకూ పిల్ల వేడి చేత్తో చూడాలని కాగితం మీద రాయించి పెట్టెకు అంటించమన్నారు. డాక్టరమ్మ మూడు రోజులు పెట్టెలో పిల్లకు బదులు సెలైన్ సీసాలు పెట్టి చూసింది. నాలుగో రోజు ఒక మగపిల్లాడిని పెట్టింది.

వాడు బతికాడు. కానీ మా దుకాణం చిక్కిపోయింది. సత్తార్ చెయ్యి పోయిందన్న మాట ఊరంతా పాకింది. రెండేళ్ళు తమకు చెప్పకుండా ఆడపిల్లతో చేయించాడని కొందరు మొహం మీదే అన్నారు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. "నిజమే అంటాన్లు" అనేవారు. ఆరు నెలలకు పని బల్ల నాకు అప్పగించి, నేను చాచీ అని పిలిచే ఆయన భార్యతో డోర్నకల్‌లోని తమ్ముడింటికి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకు నర్సింగ్ హోం నుంచి కబురొచ్చింది. నేను కలిపిన తీగ తెగింది. లోపల ఒక ఆడపిల్ల ఉంది. పెట్టె వేడెక్కుతూ పోతోంది, యంత్రం మీది అంకె మాత్రం కదలలేదు. అంటించిన కాగితం ప్రకారం నర్సు గంట గంటకూ చేత్తో, థర్మామీటరుతో చూస్తోంది కాబట్టి వెంటనే పట్టుకుంది. పిల్లకు ఏమీ కాలేదు. నేను వెళ్ళి తీగను మళ్ళీ కలిపాను, ఈసారి కదలకుండా పైన లక్క వేశాను. పని అయిపోయాక మెట్ల మీద కూర్చుండిపోయాను. మరునాడే ప్యాసింజర్ ఎక్కి డోర్నకల్ వెళ్ళాను.

సార్ మంచం మీద కూర్చుని ఉన్నారు. అదే తెల్ల చొక్కా. గుండీలు చాచీ పెట్టిందని తెలుస్తూనే ఉంది, ఒకటి తప్పు కాజాలో ఉంది. జరిగింది చెప్పాను.

"పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నది సార్. నర్సమ్మ చూసింది."

"ఆమెకెట్ల తెలిసింది?"

"మనం చెప్పినం గద సార్."

ఆయన కళ్ళు మూసుకున్నారు. చాచీ లోపలి నుంచి చాయ్ తెచ్చి, కప్పు ఆయన నోటికి పట్టింది. ఒక గుక్క తాగి, "మల్ల కలిపినవా?" అని అడిగారు.

"కలిపిన సార్."

"మల్ల చెప్పినవా, అతుకే అని?"

"చెప్పిన."

"ఇగ నాకు ఫికర్ లేదు" అన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. రెండేళ్ళకు ఆయన పోయారని చాచీ రాయించిన కార్డు వచ్చింది. అప్పటికే పది రోజులైంది.

ఆ రోజు బల్ల మీద చెయ్యి చాపింది నా కోసమా, పసిపిల్లల కోసమా, లేక రెండేళ్ళ అబద్ధం ఆయనకే బరువై పోయిందా, నేను ఎన్నడూ అడగలేదు. అడగవలసింది. నేను ఆయనంత మనిషిని కాలేకపోయానన్నది కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ తర్వాత ఒక ముసలాయన చెవి మిషన్‌లో అతుకు వేసి, చెప్పకుండా ఇచ్చేశాను. పెద్ద సంగతేమీ కాదు అనుకున్నాను. మూడో రోజు దుకాణం మూసి, బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళి, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆయన వినిపించక "ఏంది బిడ్డా, జర గట్టిగ చెప్పు" అన్నాడు. నా తప్పును ఆ వాడంతా వినేలా గట్టిగా చెప్పాను.